దొర గొంతు

ప్రొద్దుటూరు, శుక్రవారం రాత్రి

ఆ ఇంగ్లీషు నటుడు పోయాడట. పొద్దున పేపర్లో నాలుగే వాక్యాలు వేశారు. సినిమాల్లోకి రాకముందు ఇరవై ఏళ్లు లండన్ నాటకాల్లో వేషాలు కట్టాడట. నాకు ఈరోజు దాకా తెలియదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది నుంచీ మా టూరింగ్ టాకీసులో ఆయన సినిమా ఆడినప్పుడల్లా తెర పక్కన మైకు పట్టుకుని ఆయన మాటలు తెలుగులో చెప్పేది నేనే. అర్థం కానిచోట సొంతంగా కల్పించేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవారు.

ఈరోజు ఆటలో ఆయన చనిపోయే ఘట్టం వచ్చింది. మైకు ఎత్తాను, గొంతు పెగల్లేదు. తెర మీద ఆయనొక్కడే మాట్లాడుతున్నాడు. డేరాలో ఒక్క ఈల లేదు, ఒక్క కేక లేదు.

ఆట అయ్యాక ఆపరేటర్ మస్తాన్ వచ్చాడు.

"ఏంది మామా, మాట రాలేదా?"

"రాలేదప్పా. తప్పయిపోయింది."

"తప్పేంది? ఆయప్ప గొంతు ఈ పొద్దే విన్నాం. శానా బాగుండాది. ఇన్నేండ్లూ మమ్మల్ని ఎందుకు విననీలేదు?"

మైకు తీగ చుట్టి పెట్టెలో పెట్టేశాను.

రేపూ అదే సినిమా. ఆ ఘట్టంలో మైకు కింద పెట్టేయాలి. పెట్టగలనా? ఆ చప్పట్లకు బాగా అలవాటు పడ్డాను.