జనరేటర్ అర్ర కిటికీ

ప్రణాలి పప్పా,

కరెంటు పోతే ముందుగాల జనరేటర్ అర్ర కిటికీ, వెనక తలుపు రెండూ బార్లా తెరువు. ఆ తర్వాతనే జనరేటర్ చాలూ చెయ్యి. గోడకున్న కంతల నువ్వు కుక్కిన పాత చద్దర్ ముక్క తీసి పారేసిన. మళ్ల పెట్టకు. గాలి తగిలితే నూలు ఆరి పోగులు తెగుతయని మరమగ్గాలున్న సాంచాల షెడ్డు మూసుకుంటవు, సరే. ఈ అర్రల ఏ పోగులున్నయని మూసినవు?

నిన్న గోడ పట్టుకొని కూసున్నవు. ఏమైందంటే ఎండ అన్నవు. ఎండ కాదు, పొగ. అబద్ధం చెప్పుడు కూడ సరిగ్గ రాదు నీకు.

ప్రణాలికి టీకా ఏపించుకొని మధ్యాహ్నం వరకు వస్త. రొట్టెలు, పల్లీల షేంగా చట్నీ డబ్బాల ఉన్నయి. చల్లారకముందే తిను.

భావన

ఇంకోటి. మన పిల్లకు సాంచాల మోతే జోలపాట, అది ఆగంగనే ఉలిక్కిపడి లేస్తది. అందుకనే కరెంటు పోంగనే కిటికీ సంగతి మరిచి జనరేటర్ కాడికి ఉరుకుతవు. నాకెరుకే. లేస్తే లేవనీ. ఎత్తుకొని తిప్పితే మళ్ల పండుకుంటది. నువ్వు ఆ పొగల పడిపోతే నేనెట్ల లేపాలె?