మొదటి డబ్బా మీద రాసి ఉన్న మాట

తాండూరు,
మంగళవారం

నా సింధు అక్కకు,

ఒక ఎర్ర చుక్క సంగతి నీకు నిన్ననే రాయబోయి ఆపేశాను, అమ్మ పాలు పోసి వచ్చేసింది. అమ్మ పొడి డబ్బాలు అమ్ముతోంది కదా, ఆ లిండ్‌గ్రోవ్ కంపెనీ మీటింగుల్లో గోడకు ప్రపంచం మ్యాప్ కడతారు. కంపెనీ ఏ దేశాల్లో ఉందో అక్కడల్లా చుక్కలు. తాండూరు ఆ మ్యాప్‌లో లేదు, ఎట్లా ఉంటుంది? మీటింగులు నడిపే విజయ్‌కుమార్ సార్ జేబులోంచి స్కెచ్ పెన్ను తీసి హైదరాబాద్‌కు కొంచెం ఎడమ పక్కన ఎర్రగా చుక్క పెట్టి, "మాణెమ్మ మేడమ్, గిది మీరే" అన్నాడు. అమ్మ వేలితో ఆ చుక్కను ముట్టి చూసింది. అప్పుడు అమ్మ మొఖం నువ్వు చూసి ఉంటే దసరాకు ఆ మాట అనేదానివి కాదేమో. "గోధుమ పిండిల చక్కెర కలిపి డబ్బాల పోసిండ్రు, గంతే" అన్నావు. "నర్సు చదువు నాకే జెప్తవా, గా నోరు వెట్టుకొని ఇంటికి రాకు" అంది అమ్మ. నువ్వు నిజంగానే రావట్లేదు. వికారాబాద్ ఎంత దూరమని, ట్రైన్ ఎక్కితే వచ్చేస్తావు. అయినా రావట్లేదు.

ఫోన్ చేద్దామంటే ఉన్న ఒక్క ఫోన్ అమ్మది, అదీ ఎప్పుడూ స్పీకర్‌లోనే. నాన్న బండల లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలీదు. అందుకే ఈ కాగితాలు. మా క్లాస్ అశ్విని వాళ్ళ నాన్న రోజూ వికారాబాద్ ట్రైన్‌కు పోతాడు, ఆయన నీ హాస్టల్‌లో ఇస్తానన్నాడు. అప్పటిదాకా లిండ్‌గ్రోవ్ ఖాళీ డబ్బాలో దాస్తున్నా. ఇంట్లో ఇప్పుడు ఎటు చూసినా ఆ డబ్బాలే. ఉప్పు, పప్పు, నాయనమ్మ ఆకువక్కలు కూడా వాటిలోనే.

ఇంగ్లీషులో రాస్తే అమ్మ చదవలేదు, నాకు భయం ఉండదు. రెండు లైన్లు రాశాను కూడా. కానీ ఇంగ్లీషులో రాస్తుంటే స్టేజ్ మీద మాట్లాడుతున్నట్టే అనిపించింది, చింపేశాను.

స్టేజ్ మీద నా పని ఏంటో నీకు సరిగా తెలీదు కదా. విజయ్‌కుమార్ సార్ ఇంగ్లీషులో కంపెనీ హిస్టరీ చదువుతాడు, నేను తెలుగులో చెప్తాను. ఇంగ్లీష్ మీడియం పిల్ల చెప్తే జనం నమ్ముతారంట. ఆ హిస్టరీ నాకు నిజంగా ఇష్టం, నవ్వకు. కంపెనీ మొదలుపెట్టింది ఎక్కడో చలి దేశంలో చిన్న ఊళ్ళో ఒక మందుల దుకాణం ఆయన. బట్టలుతికే ఆడవాళ్ళ చేతులు చలికి పగిలి నెత్తురొచ్చేవి. ఆయన భార్య వంటింట్లో మైనం, నూనె కాచి పూత మందు చేసింది. ఆయన రేకు డబ్బాల్లో నింపాడు, ఆమె సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మింది. తర్వాత ఫ్యాక్టరీ వచ్చింది. గాయాలకు కట్టే పట్టీలు, సబ్బులు, టూత్‌పేస్టు, పసిపిల్లల పౌడర్ చేశారు. ఓడల మీద వేరే దేశాలకు పంపారు. వాళ్ళ మనవళ్ళు అన్ని ఖండాల్లో ఆఫీసులు తెరిచారు. మన దేశానికి వచ్చింది మాత్రం మొన్నమొన్ననే, పాలలో కలుపుకునే ఈ పొడితో. సైకిల్ ఆవిడ దగ్గరికి రాగానే అమ్మ లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. అమ్మ కూడా పాల క్యాన్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగిందే కదా. ఎవరూ కుర్చీ వేయలేదు. ఇప్పుడు ముందు వరుసలో కుర్చీ వేసి మేడమ్ అంటున్నారు.

కానీ పుస్తకంలో లేనివి విజయ్‌కుమార్ సార్ కలుపుతాడు. మన దగ్గర చెప్పినప్పుడు ఆ భార్యకు షుగర్, డాక్టర్లు చేతులెత్తేశారు, పొడి తాగి బతికింది. బషీరాబాద్‌లో ఆమెకు గుండె జబ్బు. ధారూర్‌లో మోకాళ్ళ నొప్పులు. ఎందుకు సార్ అట్లా అని అడిగాను. "ధారూర్‌ల మోకాళ్ళ నొప్పులోళ్లు ఎక్కువమ్మా" అన్నాడు, చాలా మామూలుగా.

నేను అవి కూడా ట్రాన్స్‌లేట్ చేశాను.

ఇంకా చెప్పాల్సింది ఉంది. నాయనమ్మ షుగర్ పొడితో తగ్గిందని, గోలీలన్నీ పారేసిందని ప్రతి మీటింగ్‌లో స్టేజ్ ఎక్కి చెప్తుంది కదా. పారేయలేదు. ఆకువక్కల డబ్బా అడుగున ఉన్నాయి. ఆశా వర్కర్ తెచ్చిచ్చిన గోలీలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మింగుతోంది. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. నీకే ఇప్పుడు.

నీ ప్రణు


తాండూరు,
శుక్రవారం

బంగారం లాంటి మా అక్కా,

మొన్నటి కాగితం ఇంకా ఇక్కడే ఉంది, అశ్విని వాళ్ళ నాన్న ఊళ్ళో లేడంట. రెండూ కలిపి పంపుతాను. నాకు మస్తు భయంగా ఉంది.

బండల పాలిషింగ్‌కు పోయే ఎంకమ్మత్త కాలు చూశాను.

అమ్మ మీటింగ్ పనిమీద కోట్‌పల్లి పోయింది. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి ఎంకమ్మత్త మన ఇంటి ముందు కూర్చుని కాలికి గుడ్డ చుట్టుకుంటోంది. పాలిషింగ్ దగ్గర బండ పెచ్చు గుచ్చుకుందంట. బొటనవేలు పక్కన నల్లగా అయింది, వాసన కూడా వస్తోంది. ఎన్ని రోజులైందత్తా అంటే, పోయిన అమావాస్య ముందు సంగతి అంది.

"దవాఖానకు పోలేదా?"

"ఎందుకు బిడ్డ, పొడి తాగుతున్న గదా. లోపల నుంచి మానుకుంట వస్తదని మీ సారు జెప్పిండు."

"షుగర్ గోలీలు వేసుకుంటున్నవా?"

"మీ నాయనమ్మ పారేసింది గదా, నేను గూడ పారేసిన. ఆమెకు తగ్గినంక నాకు తగ్గదా?" అని నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మకు జెప్పకు. కంపెనీల తన కింద చేరిన మొదటి మనిషిని నేను. నా కాలు గిట్ల ఉన్నదని ఎరుకైతే మస్తు బాధ వడ్తది. నేనే జర తక్కువ తాగినట్టున్న."

అక్కా, ఆమె తననే తప్పుపట్టుకుంటోంది. నేను లోపలికి పోయి నాయనమ్మ ముందు కూర్చున్నాను. నీ గోలీల సంగతి నాకు తెలుసు, ఎంకమ్మత్త నిజంగానే మానేసింది అన్నాను. నాయనమ్మ నోట్లో వక్కను ఉమ్మేసింది.

"నేనేం జెయ్యాలే? మీ అమ్మ ఈ ఇంటికి కోడలై వచ్చిన కాడికెళ్ళి నేను మెచ్చుకున్నది లేదు. ఇప్పుడు నలుగుట్ల నిలవడి నా కోడలు నన్ను బతికిచ్చిందంటే దాని కండ్లల్ల నీళ్ళు దిరుగుతయి. గోలీ మింగుతున్న అని ఎట్ల జెప్ప?"

"మరి ఎంకమ్మత్త?"

"అది నిజమనుకుంటదని నాకేమెరుక" అంది. గొంతు మాత్రం చిన్నగా వచ్చింది.

ఆదివారం ఫంక్షన్ హాల్లో పెద్ద మీటింగ్. ముంబయి నుంచి కంపెనీ పెద్ద సార్ వస్తున్నాడు, తెలుగు అసలు రాదు. అమ్మకు గోల్డ్ బ్యాడ్జ్ ఇస్తారు. ఆ రోజు నాయనమ్మతో పాటు ఎంకమ్మత్తను కూడా స్టేజ్ ఎక్కించి మాట్లాడించాలని విజయ్‌కుమార్ సార్ ప్లాన్. అమ్మ ఆ రోజు కోసం కొత్త చీర కొని ఫాల్ కుట్టించుకుంది. నిన్న నా జడ వేస్తూ, "ఆదివారం ఒక్క మాట గూడ తప్పిపోవద్దు బిడ్డ. గా మ్యాప్ మీద చుక్క నిలవాల్నంటే నీ నోట్లనే ఉన్నది" అంది. నేను చెప్తే అమ్మ ఆ స్టేజ్ మీద అందరి ముందు ఏమవుతుంది? చెప్పకపోతే ఎంకమ్మత్త కాలు ఏమవుతుంది? నువ్వుంటే ఏం చేసేదానివో నాకు తెలుసు. ముఖం మీదే చెప్పి ట్రైన్ ఎక్కేస్తావు. నేను ఈ ఇంట్లోనే ఉండాలి కదా.

ఇంకొకటి. హిస్టరీ పుస్తకం మొదటి పేజీలో ఆ చలి దేశం ఆయన నింపిన మొట్టమొదటి డబ్బా ఫొటో ఉంటుంది. మూత మీద వాళ్ళ భాషలో చీమల్లాంటి అక్షరాలు, ఫొటో కింద అదే ఇంగ్లీషులో ఇంకా సన్నగా. స్కూల్ ల్యాబ్ నుంచి భూతద్దం తెచ్చి చూశాను. తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: "పగిలిన చేతులకు మాత్రమే. పుండు వారంలో మానకపోతే డాక్టరుకు చూపించండి."

మళ్ళీ మళ్ళీ చూశాను. ఆయనే రాశాడు అక్కా. పొడి వెనక కూడా ఇది మందు కాదని సన్నగా ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఇన్ని డబ్బాలున్నాయి, చదవడం వచ్చింది నాకొక్కదానికే. నేనూ ఇప్పటిదాకా చదవలేదు.

నీ చెల్లె ప్రణవి


తాండూరు,
సోమవారం మధ్యాహ్నం

అక్కా, నా అక్కా,

స్కూల్‌కు పోలేదు. కడుపు నొప్పి అన్నాను, ఎవరూ అడగలేదు కూడా.

నిన్న జరిగింది వరసగా చెప్తాను. హాల్ నిండిపోయింది. పెద్ద సార్ నీలం కోటు వేసుకుని వచ్చాడు, చెమటలు కారుతున్నా తీయలేదు. విజయ్‌కుమార్ సార్ పక్కన నిలబడ్డాడు, పెద్ద సార్ హిస్టరీ చెప్తుంటే నేను తెలుగులో చెప్తున్నా. నీకు తెలీదు, ఆ మీటింగుల్లో ప్రతి మాటకూ చప్పట్లు కొట్టాలి. చెప్పేవాళ్ళు ఆగగానే అందరూ కొట్టేస్తారు, అట్లా నేర్పించారు. చలి దేశం, చప్పట్లు. సైకిల్, చప్పట్లు. ఎదురుగా అమ్మ చేతులు ఎర్రగా అయిపోయాయి. పక్కన ఎంకమ్మత్త, గుడ్డ కనపడకుండా చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కుని కూర్చుంది.

పెద్ద సార్ మొదటి డబ్బా ఫొటోను తెర మీద చూపించి, "చూడండి, ఇక్కడ మొదలైంది" అన్నాడు ఇంగ్లీషులో. అంతే అన్నాడు. నేను తెలుగులో, "ఈ డబ్బా మీద ఆయన రాసిన మాట: పుండు వారంలో మానకపోతే డాక్టరుకు చూపించండి. ఇది పూత మందే కానీ అన్నిటికీ మందు కాదు. పొడి డబ్బా వెనక కూడా అట్లనే రాసి ఉంది. షుగర్ గోలీలు ఎవరూ మానొద్దు" అన్నాను.

చప్పట్లు కొట్టారు అక్కా!

అందరూ కొట్టారు. పెద్ద సార్ నా భుజం తట్టి "గుడ్, గుడ్" అన్నాడు. అమ్మ కూడా కొట్టింది. ఎంకమ్మత్త కూడా కొట్టింది. నేను ఆగాను కాబట్టి కొట్టారు, అంతే. విజయ్‌కుమార్ సార్ ఒక్కడే కొట్టలేదు. అతని చెయ్యి మైక్ మీదకు వస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు నాయనమ్మ లేచింది. మైక్ లేదు, అవసరం కూడా లేదు, నీకు తెలుసు కదా ఆ గొంతు.

"ఎందుకు కొడ్తుండ్రే చప్పట్లు? పోరి ఏం జెప్తున్నదో జర ఇనుండ్రి!"

చప్పట్లు ఆగిపోయాయి. నాయనమ్మ ఆకువక్కల డబ్బా తీసి ముందు బల్ల మీద బోర్లించింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, వాటి మధ్యలో గోలీల షీట్లు. "పొడి తాగుత, గోలీ గూడ మింగుత. ఒక్కనాడు ఇడువలే. ఇడిచిన అని మీకు అబద్ధం జెప్పిన. ఎంకమ్మా, నీ కాలు జూపియ్యవే."

"పెద్దమ్మా, కూసో" అన్నాడు విజయ్‌కుమార్ సార్.

"నువ్వు కూసో. ధారూర్‌ల మోకాళ్ళు, ఈడ షుగరు. ఆ దొరసానికి ఇంకెన్ని రోగాలు తగిలిస్తవురా?"

వెనకాల ఎవరో పకపకా నవ్వారు. పెద్ద సార్ కూడా నవ్వాడు, ఏమీ తెలీకుండానే.

నేను అమ్మనే చూస్తున్నా. అరుస్తుంది అనుకున్నా, ఏడుస్తుంది అనుకున్నా. అమ్మ స్టేజ్ వైపు చూడనే లేదు. ఎంకమ్మత్త ముందు కింద కూర్చుని, ఆ కొత్త చీరతోనే, కాలు తన ఒళ్ళో పెట్టుకుని గుడ్డ విప్పింది. చూసింది. "ఎన్నొద్దులాయె?" అంది. ఎంకమ్మత్త చెప్పింది. అమ్మ గుడ్డ మళ్ళీ చుట్టి, ఆమె చెయ్యి తన మెడ మీద వేసుకుని బయటికి నడిపించింది. మైక్‌లో అమ్మ పేరు పిలిచారు, బ్యాడ్జ్ కోసం. అమ్మ అప్పటికే గేటు దగ్గర ఆటో ఆపుతోంది.

రాత్రి అమ్మ ఒక్కతే ఇంటికి వచ్చింది, దవాఖానలో చేర్చుకున్నారంట. నాతో మాట్లాడలేదు. నాయనమ్మతో కూడా. అన్నం పెట్టింది, తను తినలేదు. పొద్దున్నే మళ్ళీ దవాఖానకు పోయింది. నాయనమ్మ పోయి చూసి వచ్చింది. కాలికి భయం లేదన్నారంట, వేలు మాత్రం ఉంటుందో తీసేస్తారో ఇంకా చెప్పలేదంట. "మీ అమ్మ దాని మంచం కాడ్నే కూసున్నది, పలుకదు" అంది. నా మీద కోపమా నాయనమ్మా అంటే, "నన్నడుగుతవేందే, నన్ను గూడ చూస్తలేదు" అంది.

అక్కా, నేను తప్పు చేశానని అనుకోవట్లేదు. కానీ ఆ మ్యాప్ గుర్తొస్తోంది. స్కెచ్ పెన్నుతో పెట్టిన చుక్కే, అయినా అమ్మ దాన్ని ఎంత మెల్లగా ముట్టిందో. నువ్వు ఒక్కసారి రా. ఏమీ అనకు, ఊరికే వచ్చి కూర్చో. ఈ మూడు కాగితాలూ రేపు...

గేటు చప్పుడైంది. అమ్మ చెప్పులు. నాయనమ్మను ఏదో అడుగుతోంది, వినపడట్లేదు. అటక మీద డబ్బాలు దించుతున్న చప్పుడు. కాగితాలున్న డబ్బా నా దగ్గరే ఉంది, మంచం కింద.

తలుపు కొడుతోంది. గట్టిగా కాదు.

"ప్రణూ, తలుపు తియ్యి."

తలుపు వైపు చూస్తూనే రాస్తున్నా.

"కొట్టను తీ. ఈ డబ్బా ఎనకాల సన్నగ రాసిండ్రన్నవు గదా. గది నాకు సదివి జెప్పు. ఒక్కటి గూడ ఇడువకు."

ఇన్ని మీటింగుల్లో అమ్మ ఇది ఎప్పుడూ అడగలేదక్కా.

వస్తున్నా అన్నాను. ఈ కాగితం డబ్బాలో పెట్టేస్తున్నా, మూత...