లారీ మన చేని దారి అడిగింది

నాయనకు జోయల్ వందనాలు. తాడిపత్రిలో నేనూ నీ కోడలు రెబెకా కులాసా. చేని మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తున్నావు, అందుకే ఈ కార్డు. గుట్ట కింది చేను ఫ్యాక్టరీకి ఇస్తానని సంతకం పెట్టవద్దు.

కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకే గవర్నమెంటు సబ్సిడీ ఇస్తుందట. అందుకని మా ఓనరు ఇక్కడ బండల పాలిష్ ఆపేసి, పాత మిషన్లకే మా చేత పచ్చ రంగు కొట్టించాడు. శుక్రవారం వాటిని లారీలోకి ఎక్కించాం. తాళ్ళు బిగిస్తుంటే డ్రైవర్ నన్నే అడిగాడు. "నీది చిలమత్తూరు పక్కనంట కదన్నా. గుట్ట కింద శెనక్కాయ చేండ్లల్లో షెడ్డు కడతాండారంట, ఆడికి ఎట్ల పోవల్ల?" అది మన గట్టు పక్కనే. అయినా దారి చెప్పాను.

మమ్మల్ని కూడా తీసుకుపొమ్మని ఓనరును అడిగాం. "ఆడ చేను ఇచ్చినోళ్ళకే పని ఇస్తామని ఒప్పుకున్నామప్పా. మీరు ఈడే ఏమన్నా చూసుకోండి" అన్నాడు. చుట్టుపక్కల షెడ్లలోనూ పని లేదు.

విత్తనానికి దాచిన కాయలు అమ్మేయలేదు కదా? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఆదివారం వస్తాను, అందాకా ఆగు. ప్రార్థనలో మమ్మల్ని తలుచుకోండి.

చేను ఇస్తే నాకు ఆ ఫ్యాక్టరీలో పని దొరుకుతుందని అంటున్నావు. శుక్రవారం దాకా నేను చేసింది ఆ పనే నాయనా.

నీ కొడుకు,
జోయల్