బండి చప్పుడు

ప్రియమైన మెకానిక్ గారికి,

నేను క్షేమం. ఉద్యోగంలో చేరి ఐదు వారాలైంది. ఇక్కడ నా పని ఆసుపత్రిలో కాదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేసిన పేషెంట్ల దగ్గరికి నేనే వెళ్ళాలి. కట్లు మార్చడం, ఇంజెక్షన్లు చేయడం, మందులు మింగుతున్నారో దిండు కింద దాస్తున్నారో కనిపెట్టడం. రోజుకు ఏడు ఇళ్ళు. ఊరేమో కొండవాలు మీద ఎవరో గుప్పెడు ఇళ్ళు విసిరేసినట్టు ఉంటుంది. బస్సు గంటకొకటి. నిన్న అదీ తప్పిపోయి వానలో నడిచి వెళితే, తలుపు తీసిన ముసలావిడ నన్నే కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలు ఇచ్చింది. ఎవరు నర్సో ఎవరు పేషెంటో కాసేపు తెలియలేదు.

మా పైఅధికారి మంచిదే గానీ మాట ఖరాఖండీ. "మూడు నెలల్లో సొంత కారు ఉండాలమ్మా. లేకపోతే నిన్ను ఉంచుకోవడం నా చేతుల్లో ఉండదు" అంది. ఈ దేశపు డ్రైవింగ్ పరీక్ష రెండోసారికి పాసయ్యాను. మొదటిసారి ఎందుకు పోయిందో అడక్కండి. ఇక పాత కారు ఒకటి చూసుకోవాలి. ఇరవై ఏళ్ళుగా కార్ల కడుపులో చేతులు పెట్టిన మనిషిని కట్టుకుని పరాయివాళ్ళను సలహా అడగనా?

ఒక ఫిర్యాదు. ఫోను చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా "సరే సరే" అనేసి కూతురి చేతికి ఇచ్చేస్తారు. ఆ బుడంకాయ బళ్ళో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెబుతుంది గానీ మీ సంగతి ఒక్క ముక్క చెప్పదు. సెలవులు ఇవ్వగానే మీరిద్దరూ వచ్చేస్తారు కదా? ఇక్కడ మెకానిక్కులకు పనికి కొదవలేదట.

మీ
నర్సమ్మ

ప్రియమైన నర్సమ్మకు,

ఫోనులో మాట గాలికి పోతుంది. ఉత్తరమైతే పదిసార్లు చదువుకోవచ్చు. అందుకే ఎత్తను. అలగకు.

కారు సంగతి. రంగు చూసి పడిపోకు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి మోసపోయావు, ఒక జన్మకు అది చాలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. నువ్వు వెళ్ళేసరికే వేడెక్కి ఉందంటే అమ్మేవాడు ఏదో దాస్తున్నాడన్నమాట. సీటుబెల్టు చివరిదాకా లాగి చూడు. లోపల బురద చార కనబడితే ఆ బండి ఏ వరదలోనో మునిగి లేచిందే. టైర్లు నాలుగూ ఒకేలా అరిగాయో లేదో చేత్తో తడిమి చూడు. వాడు తొందరపెడితే నువ్వు ఇంకా నెమ్మదిగా నడువు.

బుడంకాయ నా చొక్కా భుజం దాటి ఎదిగింది. వంట నాదే. అది తింటోంది కాబట్టి పరవాలేదనుకుంటున్నాను.

మా ప్రయాణం సంగతి సెలవులు వచ్చాక చూద్దాం. ఈ వయసులో నన్నెవడు పనిలో పెట్టుకుంటాడులే.

నీ
మెకానిక్

ప్రియమైన మెకానిక్ గారికి,

రెండు బళ్ళు చూశాను. మొదటిది కొత్త పెళ్ళికూతురులా నిగనిగలాడుతోంది. సీటుబెల్టు లాగానా, లోపల అంతా ఎండిన బురద! అమ్మేవాడి మొహం మీరు చూడాల్సింది. "ఇది నీకెవరు చెప్పారు?" అన్నాడు. "మా ఆయన" అన్నాను. అనడానికి ఎంత గర్వంగా ఉందో.

రెండోది బూడిదరంగు చిన్న కారు. ఒక బడిపంతులుది. టైర్లు సమంగా అరిగాయి, ఇంజను చల్లగానే ఉంది. తెలియనిదల్లా దాని చప్పుడు ఒక్కటే. మీరైతే బండి ఇంకా సందు మలుపు తిరుగుతుండగానే "దీనికి ఫలానాది పోయింది" అనేవారు. అందుకని స్టార్ట్ చేసి, ఫోను దగ్గర పెట్టి, చప్పుడు పట్టి బుడంకాయకు పంపించాను. విని రాయండి. మీ ఉత్తరం వచ్చేదాకా ఆగుతానన్నాడు పంతులు. ఈ కాలంలో ఉత్తరమా అని నవ్వాడు కూడా.

గడువు ఇంకా ఐదు వారాలే ఉంది.

మీ
నర్సమ్మ

ప్రియమైన నర్సమ్మకు,

విన్నాను. కుట్టుమిషనులా ఉంది ఇంజను. నిశ్చింతగా కొనేయ్.

మిగతా సంగతులు తర్వాత.

నీ
మెకానిక్

శ్రీవారికి,

ఈసారి "ప్రియమైన" రాయబుద్ధి కాలేదు.

నా పేషెంట్లలో రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. మోకాలి ఆపరేషను కట్టు మార్చడానికి రోజు విడిచి రోజు వెళతాను. నేను బస్సు తాత అంటాను. కొనేముందు ఆయనకు ఒకసారి చూపిద్దామనిపించి, ఎందుకనిపించిందో తెలియదు, పంతుల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ బండి ఆయన గుమ్మం ముందుకు తీసుకెళ్ళాను. తాత కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మాయ్, ఆపెయ్! ఇంజను ఆపెయ్!" అని అరిచాడు. "లోపల సుత్తితో కొడుతున్నట్టు ఆ మోత ఏమిటి? నాలుగు రోజుల్లో మధ్యదారిలో పట్టేసి నిలిచిపోతుంది. కొండ దిగుతుంటే పట్టిందనుకో, నీకు కట్టు కట్టడానికి ఇంకో నర్సు రావాలి" అన్నాడు. పంతులు నిజంగానే తెల్లబోయాడు. ఆయనకూ తెలియదట.

నాకు మాత్రం ఆ టకటక మొదటి రోజే వినబడింది. కానీ మీరు కుట్టుమిషన్ అన్నాక నా చెవులదే తప్పనుకున్నాను.

మీరు అసలు విన్నారా? వినకుండానే ఓ నాలుగు ముక్కలు గీకి పడేశారా? ఫోను ఎత్తరు. ప్రయాణం మాటెత్తితే దాటేస్తారు. నేను ఇక్కడికి వచ్చేయడం మీకు ఇష్టం లేకపోతే ఆ ముక్క బయల్దేరేముందే చెప్పాల్సింది. మీకు రావాలని లేకపోతే ఇప్పుడైనా చెప్పండి. చప్పుడు చేయకుండా ఇలా నన్ను వదిలేయకండి.

ఇట్లు
మీ భార్య

ప్రియమైన నర్సమ్మకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు షెడ్డు తెరవలేదు. కొండ దిగుతుంటే అన్న మాట దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి.

నేను వినలేదు. వినదలచుకోక కాదు. నాకు వినబడదు. ఏడాదిగా వినబడటం లేదు.

మొదట ఫ్యాను చప్పుడు పోయింది, బాగు చేశారేమో అనుకున్నాను. తర్వాత ఫోనులో మాటలు పోయాయి. ఎదురుగా ఉన్నవాళ్ళవి పెదాలు చూసి నెట్టుకొచ్చాను. షెడ్డులో బండి మీద చెయ్యి వేసి, అదురును బట్టి రోగం చెప్పేసేవాడిని. చూసినవాళ్ళు ఇదేదో గొప్ప విద్య అనుకున్నారు. కానీ ఫోను మీద చెయ్యి వేస్తే ఏం తెలుస్తుంది చెప్పు? బుడంకాయ రెండుసార్లు వినిపించింది. షెడ్డులో నాతోపాటే పనిచేసే మన బావ పక్కనే పెయింట్ కొడుతున్నాడు, వాణ్ణి విని చెప్పమనాల్సింది. అడిగితే వాడికి తెలిసిపోతుంది. నా పరువు కాపాడుకోవడానికి నీ ప్రాణం మీదికి తెచ్చాను.

మా నాన్నకు నా వయసులోనే చెవులు పోయాయి. ఆ తర్వాత ఇంట్లో ఆయనతో ఎవరూ మాట్లాడేవారు కాదు, ఆయన గురించి మాట్లాడేవారు. నాకూ అదే రాసిపెట్టి ఉందనుకున్నాను. చెవిటి మెకానిక్కును వెంటేసుకుని పరాయి దేశంలో నువ్వేం చేస్తావు? అందుకే దాటేశాను. నువ్వంటే ఇష్టం లేక కాదు. అది మాత్రం నమ్ము.

నీ
మెకానిక్

ప్రియమైన మెకానిక్ గారికి,

చదివి ఏడ్చాను. తర్వాత ఊపిరి పీల్చుకున్నాను. మీకు నేను వద్దేమోనని పదిహేను రోజులు ఒళ్ళు చచ్చిపోయినట్టు తిరిగాను. చెవులేనా? చెవులే కదా! నన్ను భలే హడలగొట్టారండీ.

తప్పు నాదీ ఉంది. రోజుకు ఏడు ఇళ్ళలో ఏడుగురి ఒళ్ళు చూసే నర్సును. పక్కనే ఉన్న మనిషికి వినబడటం లేదని కనిపెట్టలేకపోయాను. "ఈయన నా మాట వినడు" అని అందరికీ చెప్పుకుని నవ్వాను.

ఇది నర్సు ఆర్డరు. ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, బుడంకాయను తోడు తీసుకుని, చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రేపు కాదు. దానికి నేను వేరుగా రాశాను, మిమ్మల్ని వదిలిపెట్టదు.

కారు కొనేశాను. బస్సు తాత పాత స్నేహితుడిది. పాచి రంగు, చూడ్డానికి కప్పలా ఉంటుంది. ఈసారి తాత ముందు నన్నే వినమన్నాడు. "లోపల ఏ మోతా లేదు" అన్నాను. "మరింకేం, కొను" అన్నాడు. మా పైఅధికారి నా ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టేసింది. నిన్న ఏడు ఇళ్ళూ తిరిగి, ఇంకా ఎండ ఉండగానే గదికి చేరాను.

మీ
నర్సమ్మ

ప్రియమైన నర్సమ్మకు,

వెళ్ళాను. నేను వెళ్ళడమేమిటి, నీ కూతురు చొక్కా పట్టుకుని లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ కుడిచెవిలోకి దీపం వేసి చూసి, "ఏం పని చేస్తారండీ?" అని అడిగింది. షెడ్డు అన్నాను. "సగం షెడ్డు ఇక్కడే ఉంది" అంది. గులిమి! ఇరవై ఏళ్ళ దుమ్ముతో కలిసి రాయిలా గట్టిపడిందట. చుక్కలు వేసి, నాలుగు రోజులకు మళ్ళీ రమ్మని కడిగి తీసింది. బయటికి వచ్చినదాన్ని చూసి బుడంకాయ "ఛీ నాన్నా" అంది. ఏడాది తర్వాత కుడిచెవికి వినబడ్డ మొదటి మాట అదే. ఇంతకంటే తీయని మాట నేను వినలేదు.

ఎడమచెవి మాత్రం నరమే కొంచెం మందగించింది. దానికి చిక్కుడుగింజంత మిషను పెట్టింది. "మా నాన్నకు పూర్తిగా పోయాయండీ" అన్నాను. "ఆయనను ఎవరైనా డాక్టరుకు చూపించారా?" అంది. ఎవరూ చూపించలేదు.

బావకు అన్నీ చెప్పేశాను. వాడికి ముందే తెలుసట. నేను నొచ్చుకుంటానని ఊరుకున్నాడట. షెడ్డు వాడికి అప్పగిస్తున్నాను. సెలవులు మొదలైన మూడో రోజుకు మా ఇద్దరికీ టిక్కెట్లు తీసుకున్నాను.

ఇంకో సంగతి. బుడంకాయ హోంవర్కు చేసుకుంటూ పాడుతుంది, నీకు తెలుసుగా. ఏడాదిగా దాని పెదాలూ ఊగే తలా చూసి, అద్భుతంగా పాడుతోందనుకున్నాను. వచ్చిపోయేవాళ్ళందరికీ గొప్పగా చెప్పాను. ఈరోజు మొదటిసారి సరిగ్గా విన్నాను. ఘోరం! ఒక్క స్వరమైనా దాని చోట అది లేదు.

అయిపోయాక, ఇంకోసారి పాడమన్నాను.

నీ
మెకానిక్