మూడో తరగతి వాచకంలో మా అక్క ముఖం

తెల్లవారుజాము నుంచి తుంపర పడుతోంది. గాలిలో చెమ్మకు రంగు ఆరక, నిన్న మొదలుపెట్టిన గేదె బొమ్మ ఈ ఉదయం తొమ్మిదింటికి గాని పూర్తి కాలేదు. నాలుగు కాళ్లూ నేల మీదే ఉన్నాయి, కొమ్ములు రెండూ ఒకే గేదెవి. కనుక నా బుద్ధి స్థిరంగా ఉందనీ, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాననీ నమ్మవచ్చు.

నాకు అరవై మూడేళ్లు. పాఠ్యపుస్తకాలకూ, విత్తనాల పొట్లాలకూ, మందుల కరపత్రాలకూ బొమ్మలు వేసి బతికాను. ఎక్కడా ఉద్యోగం చేయలేదు. సోమవారం నా గుండెకు ఆపరేషన్. భయం లేదని డాక్టరు చెప్పాడు. ఒకసారి చెబితే సరిపోయేది, రెండుసార్లు చెప్పాడు. అందుకని ఇది రాస్తున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత నా భార్యది.

1. మేమున్న రెండు గదుల ఇల్లు, అందులోని సామాను సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. పోస్టాఫీసులో ఆమెకు ఒకటో తారీఖున జీతం వచ్చేది కాబట్టే, పని దొరకని నెలల్లో కూడా నేను ఆర్టిస్టునని చెప్పుకోగలిగాను. మా ఆయన ఇంట్లోనే ఉంటాడని ఆమె అంటే, ఒంట్లో బాగా లేదా అని అడిగేవారు. కిటికీ పక్కన వెలుతురు వచ్చే చోటును ఇన్నాళ్లూ నా బల్ల ఆక్రమించింది. ఇక అక్కడ ఆమె తన మంచం వేసుకోవాలి.

2. ఆ బల్ల, కుంచెలు మా అమ్మాయికి. కంప్యూటర్‌లో బొమ్మలను కదిలించే పని చేస్తోంది. తనూ జీతం లేని దారే పట్టింది. వద్దని రెండేళ్లు పోరాను. ఆ పోరును ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. బల్లకు ఎడమవైపు ఒక కాలు పొట్టి, అటు టీ గ్లాసు పెట్టకూడదు. తొందర పని ఒప్పుకున్న రోజున ఇంట్లోవాళ్ల ముఖాలు వాడుకోకూడదు. ఎందుకో నాలుగో అంశంలో ఉంది.

3. గోడ గడియారం పాఠ్యపుస్తకాల ప్రచురణకర్తకు. "చిన్న పనే కదా, రేపటికి ఇచ్చెయ్యండి" అని ఆయన ప్రతిసారీ అనడం వల్లే అది పది నిమిషాలు ముందు నడుస్తోంది. సరిచేయకుండా ఇవ్వాలి.

4. మా అక్కకు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టేది. నా మొదటి రంగుల పెట్టె ఆమె కొనిచ్చిందే. పద్నాలుగేళ్ల కిందట, మూడో తరగతి వాచకంలో పిసినారి అవ్వ పాఠానికి సాయంత్రంలోగా బొమ్మ కావాలన్నారు. ముఖమేదీ తోచలేదు. చేతికి అలవాటైన ముఖం వేశాను. ముక్కు చివర కళ్లజోడు, గడ్డం మీద పుట్టుమచ్చ, గుండుసూదులు పట్టి పట్టి బిగుసుకున్న పెదాలు. సూదులు మాత్రం వేయలేదు.

బళ్లు తెరిచాక, కొలతలకు వచ్చిన పిల్లలు పుస్తకం తీసి ఆమెకే చూపించారు. పిసినారి అవ్వ అన్న పేరు వీధంతా పాకింది. నేను వెళ్తే లోపలికి రమ్మనలేదు. టేపు మెడలో వేసుకుని గుమ్మంలో నిలబడి, "నా ముఖమే దొరికిందట్రా నీకు?" అంది. ఆ రోజే ప్రచురణకర్తను అడిగి బొమ్మ మార్పించవలసింది. అడిగితే మళ్లీ పని ఇవ్వడేమోనని అడగలేదు. ప్రతి ఏడూ అదే బొమ్మ అచ్చయింది. వేసింది తొందరలో. అడగకుండా ఊరుకుంది మాత్రం ఆలోచించే.

ఆ అసలు బొమ్మ అక్కకు ఇస్తున్నాను, చింపుకోవచ్చు. ~~పోయిన నెల వేసిన కొత్త బొమ్మ కూడా ఆమెకే. అందులో పిసినారి ముఖం నాది.~~ వచ్చే ముద్రణలో కొత్తదే వేస్తానని ప్రచురణకర్త చేత రాయించుకున్నాను. ఈ అంశం నా ఎదుట చదవమని అక్కకు కబురు పంపాను. పద్నాలుగేళ్లుగా ఈ గడప తొక్కని మనిషి. రాకపోతే నా భార్య తీసుకెళ్లి ఇవ్వాలి.

5. గేదె బొమ్మను దాణా కంపెనీకి బుధవారంలోగా అందజేయాలి. నేనున్నా లేకపోయినా గడువు గడువే.

సంతకాలకు ముందు చేర్చినది: అక్క పన్నెండింటి బస్సుకు వచ్చింది. నాలుగో అంశాన్ని నిలబడే రెండుసార్లు చదివింది. పాత బొమ్మను నాలుగు ముక్కలు చేసి తన సంచిలో వేసుకుంది. కొత్తదాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసి, నా ముందు పెట్టేసింది.

"నీ ముక్కు ఇంత తిన్నగా ఎప్పుడుందిరా? ఆసుపత్రి నుంచి వచ్చాక సరిగ్గా వేసి, నువ్వే పట్టుకురా."

కనుక కొత్త బొమ్మను ఆమెకు ఇచ్చే వాక్యాలను కొట్టివేశాను. అది నా దగ్గరే ఉంటుంది.

16 ఆగస్టు 2019, శుక్రవారం
(సంతకం) బొమ్మలు వేసేవాడు

సాక్షులు:
1. కింది వాటాలో మందుల షాపు యజమాని
2. పక్కింటి లెక్కల మాస్టారు

అక్క మూడుంపావు బస్సుకు వెళ్లింది. సాక్షులు నాలుగింటికి వెళ్లారు.