పట్టాలు తుడిచే బండి

జూన్ 3
గరివిడి నుంచి అక్క ఫోను. బావ సంవత్సరీకం ఇరవై రెండున. విజయనగరం నుంచి ఎవరో వచ్చి బావ బొమ్మ రైళ్లు చూసి వెళ్లాడట — నూనె ట్యాంకు బండ్లన్నీ తనకిమ్మని.
"తిరగని బండి నాకెందుకురా? ఓపాలి వచ్చి సూడు. ఆ రోజుకి తిరిగితే ఉంచుతాను. లేదంటే అట్టుకెళ్లమంతాను."
ఆకుమడికి విత్తనాలు నానబెట్టి ఉన్నాయి. చల్లాకే వెళ్లాలి.

జూన్ 4
చల్లాను. వాన జాడ లేదు, బోరు నీళ్లే పెట్టాను.

జూన్ 7
పొద్దున్న పాసింజరుకి గరివిడి. మేడ మీద గది. బల్ల మీద పట్టాలు అలాగే ఉన్నాయి, గుండ్రంగా. అద్దాల బీరువాలో ట్యాంకు బండ్లు — వెండి రంగువి, నల్లవి, పసుపు గీతవి. ఒక్కోటి అరచేయంత. కొన్ని కొన్నవి, కొన్ని బావ చేత్తో రంగు మార్చినవి.
కింది అరలో పట్టాలు తుడిచే బండ్లు. అవీ ట్యాంకులే. లోపల స్పిరిట్ పోస్తే అడుగున ఉన్న గుడ్డ మీదకి బొట్టుబొట్టుగా దిగుతుంది. ఇంజను లాగుతుంటే ఆ గుడ్డ పట్టాలని తుడుస్తూ పోతుంది. ఎవరికైనా ఒకటి చాలు. బావ దగ్గర ఐదు. ఇన్నెందుకు బావా అంటే, నీకు కొడవళ్లెన్నిరా అని నవ్వేవాడు.
స్విచ్ వేశాను. ఇంజను లైటు ఒకసారి వెలిగి ఆరింది. కదల్లేదు.

జూన్ 8
అక్కడే ఉన్నాను. వైర్లు బాగానే ఉన్నాయి. పట్టా మీద వేలు పెట్టి లాగితే నల్లటి జిడ్డు. వాసన చూశాను. ఆముదం.
కరెంటు ఆ పట్టాల నుంచే చక్రాలకి అందాలి. జిడ్డు మీద ఏడాది దుమ్ము. ఇక ఏం అందుతుంది...
అక్కని అడగలేదు. అడగక్కర్లేదు. నాగలి కర్రు, కొడవలి, గునపం — పని అయ్యాక ఆముదం రాసి అటకెక్కించడం మా అమ్మ ఇద్దరికీ నేర్పిందే. ఈ పట్టాలు తుప్పు పట్టే లోహం కాదని అక్కకి ఎవరు చెప్పారు?

జూన్ 9
తిరుగు పాసింజరు. పొందూరులో గూడ్సు కోసం ఆపేశారు. అన్నీ ట్యాంకులే.
నా చదువు ఆగిపోయిన ఏడు, సాయంత్రాలు గరివిడి స్టేషను చివర కూర్చునేవాళ్లం, బావా నేనూ. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాడు, చొక్కా నిండా నల్లటి పొడి. నన్ను కళ్లు మూసుకోమనేవాడు.
"సప్పుడినురా. కాళీదైతే డప్పులాగ మోగుతాది. నిండుది మాటాడదు."
తను ఎప్పుడూ తప్పలేదు. నేనే తప్పేవాణ్ని.
ఇవాళ కళ్లు మూసుకున్నాను. ఖాళీవే. అనుకుంటా.

జూన్ 15
వాన. ఆకు నిలదొక్కుకుంది.

జూన్ 20
మళ్లీ గరివిడి. సంచిలో స్పిరిట్ సీసా. అక్క వంటింట్లో ఉండగా తలుపు దగ్గరికి వేసి మొదలుపెట్టాను. ముందు చేత్తో, పాత పంచె ముక్కతో. తరవాత బావ బండ్లతో. ఇంజను లాగలేదు, వేలితోనే తోశాను. గుడ్డ నల్లబడటం, మార్చడం. ఒకదాని గుడ్డ ఉతికి ఆరేసి ఇంకో బండి. అన్నీ వాడాల్సి వచ్చింది.
వాసనేటని అక్క కింద నుంచి అడిగింది. దోమల మందన్నాను.
మధ్యాహ్నానికి ఇంజను కదిలింది.

జూన్ 22
కార్యం అయింది. భోజనాలయ్యాక అక్క మేడెక్కింది. ట్యాంకు బండ్లన్నీ తగిలించి వదిలాను. ఆగకుండా తిరిగింది. అక్క నిలబడే చూసింది. చూసి, విజయనగరం ఆయనకి ఫోను చేసి, ఇవ్వటం లేదని చెప్పేసింది.
అప్పుడు కూర్చుంది.
"నాను ఆముదం రాయబట్టే పాడవకుండా ఉన్నాయిరా ఇవి. మీ బావున్నప్పుడూ అంతే. ఏటా తొలకరికి నానే రాసీదాన్ని. ఏనాడూ ఏటీ అన్లేదు."
ఇంజను ఆపాను. బీరువా కింది అరలో తుడిచే బండ్లు ఐదూ కనిపిస్తున్నాయి.
ఇన్నెందుకు బావా అని ఇక అడగను.

జూన్ 27
ఆకు జానెడు ఎదిగింది.
అక్క ఫోను. అక్కడా వానలు పడ్డాయి. పట్టాలకి రాసే ఆముదం అయిపోయిందట, వచ్చేటప్పుడు మన ఊరి గానుగది తెమ్మంది. తెస్తానన్నాను.
సాయంత్రం గానుగకి వెళ్లి సీసా నింపించాను. సంచిలో స్పిరిట్ పక్కన పెట్టాను. రేపు పాసింజరుకి వెళ్లాలి. దారిలో ఆలోచించుకోవాలి — చెప్పడమా, తుడవడమా...