కొండ మీది వెండి గని

తమ్ముడు విజయ్‌కుమార్‌కు, సింహాద్రి అప్పన్న నిన్ను చల్లగా చూడాలి.

ఫోను చేస్తే అమ్మ పక్కనే కూర్చుని వింటుందని కార్డు రాస్తున్నాను. సోమవారం పొద్దున్న నేను దీపం పెట్టి వచ్చేసరికి అమ్మ అరుగు మీద చోడిపిండి జల్లిస్తోంది. కొండ మీది వెండి గని మళ్లీ తెరుస్తామని సర్వే వాళ్లు వచ్చారు. నువ్వు కడుపులో ఉండగా పైకప్పు కూలి నాన్న ఉండిపోయిన గని. ఆయన్ను బయటికి తీయకుండానే మూసేశారు. మనిషి దొరకలేదనే కదా, అమ్మ ఈనాటికీ గాజులు తీయలేదు.

"లోపల ఎవరైనా ఉండిపోయారా అమ్మా?" అని అడిగాడు వాళ్ల పెద్ద.

అమ్మ జల్లెడ ఆపలేదు. "మా ఇంటాయన ఉన్నాడు బాబూ. ఓపాలి పిల్సి సూడండి."

అప్పటినుంచి నాకు జపంలో మనసు నిలవడం లేదు. గేటు చప్పుడైతే చాలు, లేచి చూస్తున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరదలు శ్రావణి సరిగా తింటోందా?

ఆ సోమవారం సాయంత్రమే అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. నాన్న దొరికితే నువ్వు వచ్చి కర్మ చేయాలని అనుకున్నాం. "గాజులు మాత్రం ఎవులూ ముట్టుకోకండి" అంది అమ్మ.

"లోకం ఏటంటాది అక్కా?" అంది పిన్ని.

"ఇన్నాళ్లూ లోకం ఎల్లి తవ్విందేటే?"

అమ్మ మాటే ఖాయం చేశాం. నువ్వు వచ్చేటప్పుడు ఎస్.కోటలో దిగి, అమ్మకు డజను ఎర్ర గాజులు తీసుకురా.

అక్క యమున